చూజ్, సెలెక్ట్ ఒకటేనా? ఎనిమిదో తరగతి పిల్ల అడిగిన ప్రశ్న

పంతులమ్మ_నల్గొండ
అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తాను. మొన్న ఎనిమిదో తరగతి పిల్లలతో స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపిస్తున్నాం. ఒక్కొక్కరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఎవరి వివరాలు వాళ్లతోనే కొట్టిస్తున్నాను. జిల్లా పేరు దగ్గర పెట్టెలో 'సెలెక్ట్' అని ఉంది. కింద ఫొటో ఎక్కించే చోట 'చూజ్ ఫైల్' అనే బటన్, దాని పక్కనే 'నో ఫైల్ చోజెన్' అని చిన్న అక్షరాలు. ఒక పిల్ల మౌస్ మీద చెయ్యి ఆపేసి, "మేడం, పరీక్షలో చూజ్ ద కరెక్ట్ ఆన్సర్ అంటారు. ఇక్కడ సెలెక్ట్ అన్నారు, మళ్లీ కింద చూజ్ అన్నారు. రెండింటికీ ఎంచుకోవడమే అర్థమైతే రెండు మాటలెందుకు?" అంది.

"రెండూ ఒకటేనమ్మా, కానియ్, నీ వెనక ఇంకా ఇరవై మంది ఉన్నారు" అన్నాను. తలూపింది గానీ నమ్మలేదు, మొహంలో తెలుస్తూనే ఉంది. ఇంటికొచ్చి నిఘంటువు తీస్తే రెండింటి ఎదురుగా ఎంచుకొను, ఎన్నుకొను, ఏరుకొను అని అవే మాటలు. పద్దెనిమిదేళ్లుగా చెప్తున్న సబ్జెక్టు ఇది. ఆ పిల్లకు జవాబు బాకీ పడ్డాను. తెలిసినవాళ్లు చెప్పండి.

రవి_విజయవాడ
మేడం గారూ, మీరు చెప్పింది తప్పేం కాదు. రెండూ ఒకటే. సెలెక్ట్ కాస్త ఆఫీసు భాష, చూజ్ మామూలు భాష. పిల్లలకు అంతవరకు చాలు.

అక్షరమాల
రవి గారూ, అంత తేలిగ్గా వదలకండి. ఒకటే అయితే ఒకదాని బదులు ఇంకోటి ఎక్కడైనా పెట్టగలగాలి కదా. ఈ వాక్యం చూడండి: 'ఐ చోజ్ టు స్టే ఎట్ హోమ్.' ఇంట్లోనే ఉండాలని నేను నిర్ణయించుకున్నాను అని. ఇందులో చోజ్ తీసి సెలెక్టెడ్ పెట్టండి. వాక్యం నిలబడదు. తప్పు. సెలెక్ట్ తర్వాత వస్తువో మనిషో ఉండాలి, 'ఫలానా పని చేయాలని' అన్నది దాని వెనక రాదు. చూజ్ వెనక వస్తుంది. వెళ్లాలా వద్దా అన్నదానికీ చూజే. ఉద్యోగమా, పైచదువా అని రెండు దారుల మధ్య నిలబడ్డప్పుడూ చూజే.

అంటే చూజ్‌లో మనసు చేసుకోవడం ఉంది. సెలెక్ట్‌లో ఉన్నది చేతి పని, కంటి పని. మేడం గారూ, ఎనిమిదో తరగతికైనా ఈ ఒక్క తేడా చెప్పొచ్చు.

డాలస్_శ్రీను
అక్షరమాల గారు చెప్పింది నాకు అనుభవమే. అమెరికా వచ్చిన మొదటి సంవత్సరం మా టీమ్‌కి ఒక మెయిల్ పెట్టాను, శుక్రవారాలు ఇంటి నుంచి పని చేస్తానని. అందులో 'ఐ హావ్ సెలెక్టెడ్ టు వర్క్ ఫ్రమ్ హోమ్' అని రాశాను. మేనేజర్ దాన్ని 'ఐ హావ్ బీన్ సెలెక్టెడ్' అనుకున్నాడు. ఎవరో నన్ను ఎంపిక చేశారని, తనకు చెప్పకుండా ఎవరు చేశారని అడిగాడు. మధ్యలో ఒక మాట ఎగిరిపోయిందనే అతనికి తోచింది, ఎందుకంటే నేను రాసిన వాక్యం అతని ఇంగ్లిష్‌లో లేనే లేదు. సర్దిచెప్పడానికి రెండు రోజులు పట్టింది. నాకు డిగ్రీ వరకు ఇంగ్లిష్‌లో మంచి మార్కులే. ఈ తేడా మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే మేడం గారు ఈ ప్రశ్నను వదలకుండా పట్టుకున్నందుకు నిజంగా సంతోషంగా ఉంది.

మగ్గం_చీరాల
నేను ఇంగ్లిష్ పండితుణ్ణి కాదు. మాది చీరల షాపు. ఈ రెండు పనులూ రోజూ నా కళ్ల ముందే జరుగుతాయి కాబట్టి చెప్తున్నా.

పెళ్లి చీరకని తల్లీకూతుళ్లు వస్తారు. నలభై చీరలు విప్పి పరుస్తాం. తల్లి ఒక్కోటీ చూసి, అంచు తిప్పి చూసి, కొంగు ఎంత పొడుగుందో చూసి, "ఇది పక్కన పెట్టు బాబూ" అంటుంది. మిగతావి మడత పెట్టేస్తాం. గంటన్నరకి ఆ పక్కన ఐదో ఆరో చీరలు చేరతాయి. అప్పుడు మా నాన్న అడిగే మాట "సెలెక్షన్ అయిందా అమ్మా?" అని. అయింది అంటారు. కానీ చీర ఇంకా తీసుకోలేదు! ఆ ఆరింటిలోంచి కూతురు ఒకటి భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడుతుంది. తీసేసి ఇంకోటి వేసుకుంటుంది. మళ్లీ మొదటిదే వేసుకుంటుంది. అప్పుడు తల్లి మాట, ధర, మేం చెప్పే మాటలు ఏవీ పనిచేయవు. "ఇదే" అంటుంది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు.

పక్కన పెట్టించడానికి మాత్రం ప్రతి చీరకూ కారణం ఉంటుంది: జరీ, బరువు, రంగు పోతుందా లేదా, ఎన్నివేలు. నాకు తోచినంతవరకు మొదటిది సెలెక్ట్, రెండోది చూజ్. తప్పైతే పెద్దలు దిద్దండి.

అక్షరమాల
చీరాల అన్నయ్యా, దిద్దడానికి ఏమీ లేదు! మీరు 'పక్కన పెట్టు' అన్నారు చూశారా, సెలెక్ట్ పుట్టుకే అది. లాటిన్‌లో 'సె' అంటే విడిగా, వేరుగా. 'లెగెరె' అంటే ఏరడం, పోగుచేయడం. ఏరి వేరుగా పెట్టడమే సెలెక్ట్. ఆ లెగెరె చాలా మాటల్లో ఉంది. ఏరి ఒకచోట చేరిస్తే కలెక్ట్, ఏరి బయటికి తీస్తే ఎలెక్ట్, ఏరకుండా వదిలేస్తే నెగ్లెక్ట్. చదవడం అనే అర్థం కూడా ఆ మాటకే ఉంది, లెక్చర్ అక్కణ్ణుంచే వచ్చింది. అక్షరాలు ఏరుకోవడమే చదవడం అన్నమాట, నాకు చాలా ఇష్టమైన ఊహ ఇది.

చూజ్ లాటిన్ మాట కాదు. ఇంగ్లిష్‌కి అది ఇంటి మాట, వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్ నుంచే ఉంది. దాని వెనక ఉన్న ఇండో యూరోపియన్ (ఇంగ్లిష్, లాటిన్, సంస్కృతాలన్నింటికీ మూలమైన పాత భాష) ధాతువుకు అర్థం రుచి చూడటం. లాటిన్‌లో రుచిని చెప్పే 'గుస్తుస్' దాని చుట్టమే. డిస్‌గస్ట్ అంటాం కదా, రుచించకపోవడం, అదీ ఆ ఇంటిదే. సంస్కృతంలో ఇష్టపడటం, ఆనందించడం అనే అర్థంలో ఉన్న 'జుష్' ధాతువు కూడా అదే. చీర భుజం మీద వేసుకుని చూసుకోవడం రుచి చూడటమే కదా. మనం మాత్రం తక్కువా, నాలుక మీది రుచిని తీసుకెళ్లి మనసుకు పెట్టి 'అభిరుచి' అన్నాం.

భాషావిద్యార్థి
అక్కా, వినడానికి చాలా బాగుంది కానీ ఒక జాగ్రత్త. మాట పుట్టుక చెప్పి ఇప్పటి అర్థం తేల్చేయకూడదు. నూనె అంటే మొదట నువ్వుల నెయ్యి. ఇప్పుడు పల్లీ నూనె, కొబ్బరి నూనె అంటున్నాం, నువ్వులు ఎవరికీ గుర్తుకు రావు. అలాగే ఈరోజు ఇంగ్లిష్ మాట్లాడేవాడు చూజ్ అన్నప్పుడు వాడి నోట్లో ఏ రుచీ తగలదు. మేడం గారు క్లాసులో చెప్పాల్సింది ఇప్పటి వాడుక.

ఇంకోటి. మనవాళ్లు 'చీర సెలెక్ట్ చేసుకున్నా' అంటే కొనేశా అని కూడా అర్థం. ఇంగ్లిష్‌వాళ్లు కూడా చాలా చోట్ల ఒకదాని బదులు ఇంకోటి వాడతారు. గీత అంత గట్టిగా లేదు.

అక్షరమాల
ఒప్పుకుంటాను తమ్ముడూ. పుట్టుక సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు. కానీ ఈ రెండు మాటల విషయంలో ఇప్పటి వాడుక కూడా అటే మొగ్గింది. 'నో ఛాయిస్' అంటారు, 'నో సెలెక్షన్' అని ఆ అర్థంలో ఎవరూ అనరు. చీరాల అన్నయ్య షాపుకొచ్చినవాళ్లు "మీ దగ్గర సెలెక్షన్ బాగుంటుంది" అంటారు, అంటే ఏరి తెచ్చిన సరుకు బాగుంటుందని. ఆ ఏరడం షాపువాళ్లు చేసింది, కొనేవాళ్లు కాదు.

జువాలజీ_సార్
ఆలస్యంగా చూశాను. ఈ తేడా మీద సైన్స్‌లో పెద్ద గొడవే జరిగింది. డార్విన్ 1859లో జీవపరిణామం మీద పుస్తకం వేసినప్పుడు ఆయన ఎంచుకున్న మాట 'నేచురల్ సెలెక్షన్'. పావురాల పెంపకందార్లు మంచి జంటల్ని ఏరి వేరుగా పెట్టి జాతిని మార్చినట్టే, ప్రకృతిలోనూ ఏరివేత జరుగుతుందని పోలిక. చాలామంది దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు. సెలెక్షన్ ఉందంటే సెలెక్ట్ చేసేవాడు ఒకడు ఉండాలి కదా, వాడెవడు అని. అదే సిద్ధాంతాన్ని విడిగా కనిపెట్టిన వాలెస్ 1866లో డార్విన్‌కి ఉత్తరం రాశాడు. ఈ మాట వల్ల, తెలివైన 'చూజర్' ఒకడు ఎప్పుడూ కాపలా కాస్తుండాలని జనం అనుకుంటున్నారు, తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ వాడిన 'సర్వైవల్ ఆఫ్ ద ఫిటెస్ట్' (పరిసరాలకు తగినవే బతకడం) వాడితే మేలని. డార్విన్ 1869 నాటి ఐదో ముద్రణలో దాన్నీ చేర్చాడు గానీ సెలెక్షన్‌ని వదల్లేదు.

ఇక్కడ గమనించండి. సెలెక్షన్ అనే మాటకు మనిషి లేకుండా నిలబడే శక్తి ఉంది. జల్లెడ ఏరుతుంది, వరద ఏరుతుంది, చలి ఏరుతుంది. 'నేచురల్ ఛాయిస్' అని పెట్టి ఉంటే సిద్ధాంతం మొదటి రోజే తప్పుదారి పట్టేది.

మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని 'ప్రకృతి వరణం' అన్నాం. వరణం, వరుడు, వరించడం, స్వయంవరం అన్నీ ఒక్క ధాతువే. స్వయంవరంలో దండ పట్టుకున్న అమ్మాయికి ఇష్టం ఉంది, ప్రకృతికి లేదు. అందుకే మా పిల్లలు పరీక్షలో 'ప్రకృతి మంచి జీవుల్ని కోరుకుంటుంది' అని రాస్తుంటారు. వాళ్లను తప్పు పట్టలేను, మాటే అటు లాగుతోంది. 'ప్రకృతి ఏరివేత' అని ఉంటే బాగుండేదని నా గట్టి అభిప్రాయం.

బాపట్ల_రైతుబిడ్డ
జువాలజీ సార్, ఏరివేత అంటే మా దగ్గర కలుపు తీసినట్టు, పనికిరానిది పీకేయడం కూడా. కానీ మీ మాట అర్థమైంది. మా తాత కోతకు ముందు మడిలోకి దిగి గింజ నిండుగా ఉన్న వెన్నులు మాత్రమే కోసి, ఒక కట్ట కట్టి చూరుకు వేలాడదీసేవాడు. వచ్చే ఏటి విత్తనం అది. ఆయనకు ఆ వెన్ను మీద ప్రేమేం లేదు, అది పడిపోకుండా నిలబడింది, తాలు లేదు, అంతే. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 కూడా అంతే కదా. మషూరి లాంటి రకాల్ని కలిపి, పుట్టిన మొక్కల్లో తరం తరం ఏరుకుంటూ వచ్చి తేల్చిన వరి. శాస్త్రవేత్తలు ఆ పనిని సెలెక్షన్ అనే అంటారు.

ఇక ఏ పంట వెయ్యాలి, వరా మినుమా అన్నది ఛాయిస్. అక్కడ నీళ్లు, అప్పు, భయం, ఆశ అన్నీ ఉంటాయి. కాలవకి నీళ్లు రాకపోతే ఆ ఛాయిస్ కూడా ఉండదు.

కోడింగ్_కవిత
అసలు మేడం అడిగిన ఫారం దగ్గరికి ఎవరూ రాలేదు! నేను అలాంటి ఫారాలే పరీక్షించే ఉద్యోగం చేస్తాను, హైదరాబాద్‌లో.

కంప్యూటర్‌లో సెలెక్ట్ అంటే గుర్తు పెట్టడం. కంట్రోల్ ఏ నొక్కితే 'సెలెక్ట్ ఆల్', అక్షరాలన్నీ నీలంగా మెరుస్తాయి, ఇంకేమీ జరగదు. తర్వాత కాపీ అంటారో డిలీట్ అంటారో అది మీ ఇష్టం. ఆపిల్ వాళ్ల రచనా నియమాల్లో అయితే మెనూలో ఉన్న ఆదేశానికి చూజ్ అనాలి, టెక్స్ట్‌ని గుర్తు పెట్టడానికి సెలెక్ట్ అనాలి అని విడివిడిగా రాసుకున్నారు. వెబ్ పేజీ రాసే హెచ్‌టీఎంఎల్‌లో ఆ జిల్లాల పెట్టె పేరే 'సెలెక్ట్', లోపలి ఒక్కో జిల్లా పేరు ఒక్కో 'ఆప్షన్'.

ఇప్పుడు ఆ పిల్ల ముందున్న పెట్టె చూడండి. జిల్లా. తన జిల్లాను ఆ పిల్ల ఎంచుకుంటుందా? పుట్టిన తేదీ, మాతృభాష, కులం, ఇవన్నీ కూడా ఫారంలో సెలెక్ట్ పెట్టెలే. ఉన్నదాన్ని పట్టికలో వెతికి గుర్తు పెట్టడమే తప్ప ఇష్టంతో పని లేదు. ఫొటో దగ్గరకొస్తే ఫోల్డర్‌లో నాలుగు ఫొటోలు ఉండొచ్చు, ఏది పంపాలో తనే తేల్చుకోవాలి. అక్కడ చూజ్ సరిగ్గా కుదిరింది.

కానీ నిజం చెప్పాలి, ఇదంతా ఎవరో ఆలోచించి పెట్టారని అనుకోకండి. 'చూజ్ ఫైల్', 'నో ఫైల్ చోజెన్' అనేవి క్రోమ్ బ్రౌజర్ మాటలు. అదే ఫారం ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే బటన్ మీద 'బ్రౌజ్' అని, పక్కన 'నో ఫైల్ సెలెక్టెడ్' అని వస్తుంది. భాషావిద్యార్థి అన్నట్టు కొన్ని చోట్ల రెండూ కుదురుతాయి. అది కూడా పిల్లలకు చెప్పండి మేడం, లేకపోతే రేపు ఇంకో స్క్రీన్ చూసి మీరు తప్పు చెప్పారనుకుంటారు.

రవి_విజయవాడ
నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నా. ఈ జిల్లా మాట నాకు తట్టనే లేదు. ఒక సందేహం: మరి ఎలెక్ట్? మాకు ఎంసెట్ కౌన్సెలింగ్‌లో 'వెబ్ ఆప్షన్స్' అనేవారు, ఎన్నికలు అంటే వేరే. తెలుగులో ఇన్నింటికీ మాటలున్నాయా?

అక్షరమాల
ఉన్నాయి, పైగా మన పేపర్లు రోజూ తేడా పాటిస్తాయి. ఎమ్మెల్యేగా 'ఎన్నికయ్యారు', క్రికెట్ జట్టుకు 'ఎంపికయ్యారు'. తారుమారు చేస్తే చెవికి గుచ్చుకుంటుంది. రాజ్యసభలో 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేస్తారు, వాళ్లను 'ఎన్నికైన సభ్యులు' అని ఎవరూ రాయరు. ఎన్నిక, ఎంచడం రెండూ మొదట లెక్కపెట్టడమే. తప్పులెన్నడం, ఎన్నదగిన మనిషి అంటాం కదా.

ఇంకో చిన్న సంగతి. 'వండాను' వేరు, 'వండుకున్నాను' వేరు. ఆ 'కొను' చేరితే పని మన కోసం అవుతుంది. ఎంపిక 'చేస్తారు', కానీ 'ఎంచుకుంటారు'. సెలక్షన్ కమిటీ పదిహేను మందిని ఎంపిక చేస్తుంది, ఎవరి కోసమో. అమ్మాయి చదువును ఎంచుకుంటుంది, తన కోసం. సెలెక్ట్‌కి 'ఎంపిక చేయు', చూజ్‌కి 'ఎంచుకొను' అని మేడం బోర్డు మీద రాస్తే పదిసార్లలో ఎనిమిది సార్లు సరిపోతుంది. నిఘంటువు ఈ 'కొను'ని రెండింటికీ తగిలించడం వల్లే మేడం గారికి చిక్కొచ్చింది.

డాలస్_శ్రీను
ఛాయిస్ అనగానే ఒకటి గుర్తొచ్చింది. ఇక్కడ 'హాబ్సన్స్ ఛాయిస్' అంటుంటారు. కేంబ్రిడ్జ్‌లో థామస్ హాబ్సన్ అని 1631లో చనిపోయిన ఒకాయన, విద్యార్థులకు గుర్రాలు అద్దెకిచ్చేవాడు. సాలలో చాలా గుర్రాలుండేవి. కానీ వచ్చినవాడు తలుపు దగ్గర ఉన్న గుర్రాన్నే తీసుకోవాలి, లేదా నడిచి వెళ్లాలి. లేకపోతే అందరూ మంచి గుర్రాన్నే అడిగి దాన్ని చంపేస్తారని ఆయన భయం. కుర్రాడికి మిగిలింది తీసుకోవాలా వద్దా అన్న ఒక్క నిర్ణయం. ఇదే నన్ను పట్టుకుంది: ఏరుకునే వీలు పూర్తిగా పోయినా ఇంగ్లిష్‌వాళ్లు దాన్ని ఛాయిస్ అనే అన్నారు.

పంతులమ్మ_నల్గొండ
అందరికీ చేతులెత్తి దండం. నిన్న క్లాసులో చేసింది రాస్తున్నాను.

దారిలో రేగుపళ్లు అమ్ముతుంటే అరకిలో కొన్నాను. టేబుల్ మీద పేపర్ పరిచి అన్నీ పోశాను. ప్రశ్న అడిగిన పిల్లనే పిలిచి, "పుచ్చులు, పచ్చివి వదిలేసి, మంచివి ఈ మూతలో పెట్టు" అన్నాను. ఒక్కోటీ తిప్పి చూసి, బొక్క ఉందేమో అని వేలితో తడిమి, పాతిక దాకా మూతలో వేసింది. "ఇప్పుడు నువ్వు చేసింది సెలెక్ట్" అన్నాను. "ఇక ఇందులో నీకు ఏది కావాలి?" అంటే వెంటనే చెయ్యి పోయింది, బాగా పండి ముడతలు పడ్డది తీసుకుంది. నున్నగా ఎర్రగా ఉన్నది పక్కనే ఉంది. ఇదెందుకు అంటే "నాకు ఇట్లదే ఇష్టం మేడం" అంది. బోర్డు మీద చూజ్ అని రాసేలోపే క్లాసంతా ఆ మాట అరిచారు.

వెనక బెంచీ అబ్బాయి లేచి, "మరి ఒక్కటే పండు మిగిలితే మేడం?" అన్నాడు. శ్రీను గారూ, మీ గుర్రాల కథ అప్పుడే చెప్పాను. ఒకడు "అయితే తినకుండా పోతా" అన్నాడు. "అది కూడా చూజేరా" అని ఆ పిల్లే వాడికి చెప్పింది.

చివర్లో సొంతంగా రెండు వాక్యాలు రాయమన్నాను. ఆ పిల్ల రాసింది తెలుగులో చెప్తాను: "మా అమ్మ సంతలో మంచి టమాటాలు సెలెక్ట్ చేసింది. నేను అమ్మతో వెళ్లాలని చూజ్ చేశాను." ఇంగ్లిష్‌లో 'చూజ్డ్' అని రాసింది, కొట్టేసి 'చోజ్' చేశాను. మిగతాదంతా సరిగ్గానే ఉంది. నోట్‌బుక్ తీసుకుంటూ, "మేడం, మరి పిక్ అంటే?" అంది. సోమవారం చెప్తానన్నాను. అక్షరమాల గారూ, ఆదివారం లోపు ఏదైనా రాయగలరా?